పర్షియన్ కొనాలా, నాటు పిల్లిని దత్తత తీసుకోవాలా?

మీరు రాసిన వివరాలు ఇవి: కొండాపూర్‌లో ఏడో అంతస్తు ఫ్లాట్, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఆరేళ్ళ పాప, మాంసం వాసన పడని మీ అమ్మగారు. మీ ఆవిడకి పర్షియన్ మీద మనసు. మీకేమో డబ్బు పోసి కొనే బదులు షెల్టర్ నుంచి ఒకదాన్ని తెచ్చుకుంటే బావుంటుందని, కానీ వీధి పిల్లి రోగాలు తెస్తుందేమో, పాపని గీరేస్తుందేమో అని భయం. నేను చాలా ఏళ్ళుగా కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేస్తున్నాను, ఇంట్లో కూడా దిక్కులేని పిల్లుల్ని సాకి మంచి ఇళ్ళకి ఇస్తుంటాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందే సూటిగా చెప్పేస్తాను. మీ ఇంటికి సరిపడేది ఏడాది దాటిన, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయిన, ఇంతకుముందే ఎవరింట్లోనో కొన్ని నెలలు ఉన్న పెద్ద పిల్లి. అది నాటుదైనా సరే, ఎవరో వదిలేసిన పర్షియన్ అయినా సరే. కూన మాత్రం వద్దు. నా దృష్టిలో మీరు తేల్చుకోవాల్సింది జాతి సంగతి కాదు. ఆ పిల్లి స్వభావం తీసుకునే ముందే మీకు తెలుస్తుందా లేదా అన్నదే అసలు విషయం.

ఎందుకంటే కుక్క జాతులకీ పిల్లి జాతులకీ పుట్టుకలోనే తేడా ఉంది. కుక్కల్ని వేల ఏళ్ళుగా గొర్రెలు కాయడానికి, వేటకి, కాపలాకి అని పని చూసి పెంచారు. అందుకే లాబ్రడార్ అనగానే దాని తీరు కొంతవరకు ఊహించుకోవచ్చు. పిల్లులకి అలాంటి ఉద్యోగాలేవీ లేవు, ఎలుకలు పట్టడం తప్ప. ఆ పని అన్ని పిల్లులూ చేస్తాయి. ఈరోజు మనం వినే పిల్లి జాతుల్లో చాలా భాగం గత నూట యాభై ఏళ్ళలో తయారైనవే. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో 1871లో పెద్ద పిల్లుల ప్రదర్శన జరిగాక ఈ సరదా ఊపందుకుంది. అక్కడ చూసింది ముఖం, బొచ్చు, రంగు. అంటే జాతి పేరు మీకు ప్రధానంగా రూపం గురించి చెబుతుంది. స్వభావం గురించి అసలేమీ చెప్పదని కాదు. పర్షియన్ మొత్తం మీద నెమ్మది, సియామీస్ ఊరుకోకుండా అరుస్తూ మాట్లాడుతుంది, బెంగాల్‌కి రోజంతా గెంతులే. కానీ ఒకే ఈతలో పుట్టిన రెండు పర్షియన్ కూనల్లో ఒకటి ఒళ్ళో పడుకుంటే ఇంకోటి మంచం కింద నుంచి బయటికి రాకపోవచ్చు. కూనగా ఉన్నప్పుడు చిన్నప్పటి పెంపకం, తల్లిదండ్రుల స్వభావం, రెండో వారం నుంచి ఏడెనిమిది వారాల లోపు మనుషుల చేతుల్లో ఎంత మసిలింది అన్నవి జాతి పేరు కన్నా ఎక్కువ తేల్చేస్తాయి.

ఇప్పుడు పర్షియన్ సంగతి. షాపులో మీకు వినిపించే మాటలు ఇవే: డాల్ ఫేస్, సెమీ పంచ్, పంచ్ ఫేస్, ట్రిపుల్ కోట్. ముఖం ఎంత లోపలికి నొక్కుకుపోతే ధర అంత పెరుగుతుంది. కానీ ఆ ముఖమే దాని బాధకి మూలం. ముక్కు రంధ్రాలు సన్నగా ఉంటాయి, కన్నీటి నాళం మెలి తిరిగి ఉంటుంది కాబట్టి నీరు ముక్కులోకి దిగకుండా బుగ్గ మీదికి కారుతుంది. రోజూ కళ్ళు తుడవకపోతే గోధుమరంగు చారలు పడి, కింద చర్మం పుండవుతుంది. దవడ కురచ కావడంతో పళ్ళు ఇరుకుగా వస్తాయి. మన మే నెల ఎండల్లో ఆ ముక్కుతో, ఆ బొచ్చుతో అది పడే అవస్థ చూడలేం. పిల్లి నోరు తెరిచి కుక్కలా రొప్పుతోందంటే అది మామూలు విషయం కాదు, ఆస్పత్రికి పరుగెత్తాల్సిన సంగతి. మీరిద్దరూ ఆఫీసులో ఉన్నప్పుడు పగలు గదిలో ఏసీ వేసి ఉంచగలరా అన్నది ముందు ఆలోచించండి.

బొచ్చు సంగతి ఇంకా తేలిగ్గా తీసుకుంటారు. రోజూ స్టీలు దువ్వెనతో, కింది బొచ్చు దాకా దువ్వాలి. పైపైన బ్రష్ లాగితే పైన పట్టులా మెరుస్తుంది, చంకల కింద, తొడల మధ్య, చెవుల వెనక మాత్రం ఉండలు కట్టేస్తుంది. మా దగ్గరికి వచ్చే పర్షియన్లలో చాలా వాటికి చంకలో వేలు పెడితే అట్ట ముక్కలాంటి గట్టి జడ తగులుతుంది. ఆ జడ చర్మాన్ని లాగుతూ ఉంటుంది కాబట్టి పిల్లి నడవడానికే ఇష్టపడదు, ముట్టుకుంటే కరుస్తుంది. ఇంట్లోవాళ్ళేమో 'ఈమధ్య దీనికి కోపం ఎక్కువైంది' అంటారు. కత్తెరతో కత్తిరించబోతే చర్మం తెగుతుంది, అది కాగితమంత పల్చన. చివరికి మత్తిచ్చి మొత్తం గొరిగించాలి. బొచ్చు తీసేసిన వారానికే అదే పిల్లి ఒళ్ళోకి వచ్చి కూర్చోవడం నేను చూశాను. మీ ఆవిడ ఈ దువ్వే పని రోజూ ఇష్టంగా చేస్తానంటే సరే, అది అందమైన అనుబంధమే. వారానికోసారి సెలూన్‌కి పంపిస్తాం అనుకుంటే మాత్రం పర్షియన్ వద్దు.

లోపలి జబ్బు ఒకటి ఉంది, ఇది కొనేవాళ్ళకి ఎవరూ చెప్పరు. దాని పేరు పాలిసిస్టిక్ కిడ్నీ డిసీజ్, క్లుప్తంగా పీకేడీ. పుట్టుకతోనే కిడ్నీల్లో నీటి తిత్తులు ఉంటాయి, వయసుతో పాటు పెరుగుతాయి, ఏడేళ్ళు అటూ ఇటూగా కిడ్నీలు చేతులెత్తేస్తాయి. పాత సర్వేల్లో వివిధ దేశాల్లో పర్షియన్లలో మూడోవంతుకు పైగా ఈ జబ్బు కనిపించింది. తల్లిదండ్రుల్లో ఒక్కదానికి ఈ జన్యువు ఉన్నా ప్రతి కూనకీ సగం అవకాశం. దీనికి కారణమైన జన్యు మార్పుని 2004లో కనిపెట్టారు, అప్పటినుంచి బుగ్గ లోపల దూది పుల్లతో తీసిన నమూనాతోనే పరీక్ష చేయొచ్చు. పది నెలలు దాటిన పిల్లికి అల్ట్రాసౌండ్‌లో కూడా దాదాపు తెలిసిపోతుంది. అమ్మేవాళ్ళని 'తల్లికీ తండ్రికీ పీకేడీ రిపోర్టు ఉందా?' అని అడిగి చూడండి. ఆ ఒక్క ప్రశ్నతో ఎదుటివాళ్ళు ఎలాంటివాళ్ళో తేలిపోతుంది. బాధ్యత గలవాళ్ళు కాగితం తీసి చూపిస్తారు. తక్కినవాళ్ళు 'మా పిల్లులు చాలా హెల్దీ సార్' అంటారు.

ఇంకో మాట. 'కేసీఐ పేపర్లతో పర్షియన్ కూన' అని ప్రకటన కనిపిస్తే అక్కడే ఆగిపోండి. కేసీఐ అంటే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా, అది కుక్కల్ని నమోదు చేసే సంస్థ, పిల్లులతో దానికి సంబంధం లేదు. పిల్లులకి వంశపత్రం ఇచ్చేవి సీఎఫ్ఏ, టికా, డబ్ల్యూసీఎఫ్ లాంటి సంస్థలు. మనకి దొరికే 'పర్షియన్'లలో చాలా వాటికి ఏ కాగితమూ ఉండదు. పొడుగు బొచ్చు ఉన్న పిల్లి, అంతే. అలాంటప్పుడు మీరు జాతి పేరుకి డబ్బు కడుతున్నారు, జాతి గ్యారంటీ మాత్రం రావడం లేదు. జంతువుల షాపులు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలని 2018లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. ఆ సర్టిఫికెట్ చూపించమని అడిగే హక్కు మీకుంది.

మిగతా జాతుల గురించి ఎక్కువ చెప్పను. మెయిన్ కూన్, రాగ్‌డాల్‌లలో గుండె కండరం మందమయ్యే వంశపారంపర్య జబ్బు ఉంది, దానికీ జన్యు పరీక్షలున్నాయి. చెవులు మడతపడి గుడ్లగూబలా కనిపించే స్కాటిష్ ఫోల్డ్‌ని మాత్రం దయచేసి ఎవరూ కొనకండి. స్కాట్లాండ్‌లో 1961లో ఒక పొలంలో కనిపించిన సూసీ అనే పిల్లితో ఆ జాతి మొదలైంది. చెవిని మడతపెట్టే ఆ జన్యువే ఒంట్లోని మృదులాస్థి అంతటినీ పాడు చేస్తుంది. చెవి మడత ఉన్న ప్రతి పిల్లికీ ఎంతో కొంత కీళ్ళ బాధ ఉంటుంది. కొన్ని దేశాల్లో దీన్ని పుట్టించడమే నిషేధం. రీల్స్‌లో అది కాళ్ళు చాపుకుని బుద్ధుడిలా కూర్చుంటే ముద్దుగా అనిపిస్తుంది. చాలాసార్లు అది నొప్పి తగ్గించుకోవడానికి కూర్చునే తీరు.

ఇక నాటు పిల్లి. మన వీధి పిల్లి ఏ ఒక్క జాతీ కాదు. తరతరాలుగా ఎవరూ జత కట్టించకుండా, ఈ ఎండలకీ ఈ వానలకీ తట్టుకుని మిగిలిన పిల్లుల సంతానం. రక్తసంబంధంలో జతలు తక్కువ కాబట్టి జాతి పిల్లుల్లో పేరుకుపోయిన వంశపారంపర్య జబ్బులు వీటిలో అరుదు. పొట్టి బొచ్చు, సరైన ముక్కు, సన్నటి ఒళ్ళు. వీటికి జబ్బులే రావని కాదు. గండు పిల్లికి మూత్రం బిగుసుకుపోవడం, ముసలితనంలో కిడ్నీలు దెబ్బతినడం, చిగుళ్ళ వాపు నాటువాటికీ వస్తాయి. కాకపోతే రోజువారీ సాకడం తేలిక.

'షెల్టర్ పిల్లి' అనగానే విదేశీ వీడియోల్లోలా వరసగా గదులు, ప్రతి గదిలో ఒక పిల్లి ఉంటాయనుకోకండి. మన దగ్గర షెల్టర్లు ఎక్కువగా కుక్కలతో, బండ్ల కింద పడ్డ పశువులతో నిండి ఉంటాయి. హైదరాబాద్‌లో 1992 నుంచి బ్లూ క్రాస్ ఉంది, విశాఖలో వీఎస్‌పీసీఏ ఉంది. అలాంటి చోట్ల అడగండి. కానీ పిల్లుల దత్తత చాలా మటుకు విడి వ్యక్తుల ఇళ్ళ నుంచే జరుగుతుంది. పడకగదిలోనో బాల్కనీలోనో రెండు మూడు పిల్లుల్ని పెట్టుకుని, సొంత డబ్బుతో వ్యాక్సిన్లు వేయించి, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో పెట్టేవాళ్ళు. వాళ్ళని ఫోస్టర్లు అంటాం. మీలాంటి మొదటిసారి వాళ్ళకి వాళ్ళే అన్నిటికన్నా మంచి దారి. ఎందుకంటే ఆ పిల్లి రాత్రి ఎక్కడ పడుకుంటుంది, మిక్సీ చప్పుడుకి ఏం చేస్తుంది, పిల్లలు వస్తే దాక్కుంటుందా అన్నీ వాళ్ళకి తెలుసు. ఏ షాపువాడూ ఇది చెప్పలేడు. ఫోస్టర్ మిమ్మల్ని బాల్కనీ ఫోటో అడిగినా, ఇల్లు చూస్తానన్నా నొచ్చుకోకండి. అడిగేవాళ్ళే మంచివాళ్ళు. ఏమీ అడక్కుండా రేపే తెచ్చిస్తాననేవాళ్ళతోనే జాగ్రత్త.

రోగాల భయం గురించి. కిక్కిరిసిన ఏ చోటునుంచి వచ్చిన పిల్లికైనా రోగం రావచ్చు, అది షెల్టరైనా, జాతి పిల్లుల్ని పెంచి అమ్మే క్యాటరీ అయినా. పిల్లల ఒంటి మీద తామర నేను ఎక్కువగా చూసింది పొడుగు బొచ్చు కూనని కొత్తగా కొన్న ఇళ్ళలో. ఆ బొచ్చు కింద మచ్చ కనపడదు, కనపడేసరికి పాప మెడ మీద గుండ్రంగా ఎర్రటి పొక్కు లేచి ఉంటుంది. ఏ పిల్లిని తెచ్చినా అడగాల్సినవి ఒకటే: పిల్లులకి వేసే ట్రైక్యాట్ అనే మూడు రోగాల వ్యాక్సిన్ ఎన్ని డోసులు పడ్డాయి, మూడు నెలలు దాటాక రేబిస్ టీకా వేశారా, నులిపురుగుల మందు ఎప్పుడు తాగించారు, రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ల్యుకీమియా వైరస్, ఎఫ్ఐవీ అనే రెండు పిల్లి వైరస్‌ల పరీక్ష చేశారా. ఈ చివరి పరీక్షకి రెండు చుక్కల రక్తం చాలు, పావుగంటలో ఫలితం వస్తుంది. మీ ఫ్లాట్‌లో కానీ, అద్దెకు ముందున్నవాళ్ళ దగ్గర కానీ ఈమధ్య కూన వాంతులు, విరేచనాలతో చనిపోయి ఉంటే నాకు చెప్పండి. అలా కూనల్ని చంపే పాన్‌ల్యుకోపీనియా వైరస్ ఇంట్లో నెలల తరబడి బతికే ఉంటుంది, టీకాలు పూర్తికాని కూన ఆ ఇంటికి రాకూడదు. పెద్ద పిల్లే మేలనడానికి ఇది ఇంకో కారణం.

నల్ల పిల్లి కనిపిస్తే పక్కన పెట్టేయకండి. శకునాల వల్ల వాటికి ఇల్లు దొరకడం చాలా ఆలస్యం అవుతుంది. అందుకే ఫోస్టర్ల దగ్గర నెలల తరబడి మనుషుల మధ్య మసిలి, చక్కగా అలవాటు పడిన పెద్ద పిల్లుల్లో నల్లవి ఎక్కువ. మీ అమ్మగారు ఒప్పుకుంటే మీకు అదృష్టమే.

చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇలా చేయండి. పాపని తీసుకెళ్ళండి, ఇద్దరూ నేల మీద కూర్చోండి, పిల్లి వైపు నేరుగా చూడొద్దు. పది నిమిషాలు మాట్లాడుకుంటూ ఉండండి. అది వచ్చి దూరంగా కూర్చుంటే చూపుడువేలు ముక్కు ఎత్తులో చాపి ఊరుకోండి. వాసన చూసి బుగ్గ రాసిందంటే పరిచయం ఒప్పుకున్నట్టు. అప్పుడు గడ్డం కింద, చెవుల ముందు నిమరండి. మూడు సార్లు నిమిరి చెయ్యి తీసేయండి. మళ్ళీ తల తోసిందా, పక్కకి జరిగిందా చూడండి. తోక కొస టపటపా కొట్టుకుంటున్నా, చెవులు పక్కకి వాలినా, వీపు చర్మం అలలా కదిలినా ఇక చాలంటోందని అర్థం. పాప గట్టిగా నవ్వినప్పుడు పిల్లి ఉలిక్కిపడినా కాసేపట్లో తిరిగి వచ్చిందంటే మీకు కావాల్సిన పిల్లి అదే. ఉలిక్కిపడకపోవడం ముఖ్యం కాదు, తేరుకోవడం ముఖ్యం. పిల్లి ఇంటికి వచ్చేముందు పాప చేత 'పడుకున్నప్పుడు, తింటున్నప్పుడు, మలమూత్రాల ట్రేలో ఉన్నప్పుడు ముట్టుకోను' అని చెప్పించండి. గీరుడు పడితే సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి డాక్టర్ని కలవండి. ఇంటి పిల్లేగా అని వదిలేయొద్దు.

రెండో బిడ్డ ఆలోచన ఉంటే కడుపులో బిడ్డకి హాని చేయగల టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించి ఎవరో ఒకరు భయపెడతారు. ఇంట్లోనే ఉంటూ పచ్చి మాంసం తినని పిల్లితో ఆ ప్రమాదం చాలా తక్కువ. మలంలో వచ్చే ఆ క్రిమి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి ట్రే రోజూ శుభ్రం చేయాలి, గర్భంతో ఉన్నన్నాళ్ళూ ఆ పని మీరు చేయాలి. పిల్లిని ఇంట్లోంచి పంపేయాల్సిన అవసరం లేదు.

మీ అమ్మగారి సంగతి. పిల్లిని శాకాహారిగా పెంచడం కుదరదు, పెరుగన్నంతో అసలే కుదరదు. టారిన్ అనే పదార్థం వాటికి మాంసం నుంచే అందాలి. అది చాలకపోతే చూపు పోతుంది, గుండె బలహీనపడుతుంది. గుండెకీ టారిన్‌కీ ఉన్న ఈ సంబంధం 1987లో బయటపడింది, ఆ తర్వాతే కంపెనీలు ఫుడ్‌లో దాన్ని సరిగ్గా కలపడం మొదలుపెట్టాయి. కాబట్టి మంచి కంపెనీ డ్రై ఫుడ్, ప్యాకెట్ వెట్ ఫుడ్ పెట్టండి. వంటింట్లో మాంసం వండాల్సిన పనే లేదు. గిన్నె, ట్రే యుటిలిటీ వైపు పెట్టండి, రెండూ పక్కపక్కన కాకుండా. పాలు పోయొద్దు, పెద్ద పిల్లుల్లో చాలా వాటికి అరగవు. పూజగది తలుపు వేసి ఉంచితే ఆవిడకీ టెన్షన్ ఉండదు. ఆవిడకి చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఇంకోటి ఉంది: నేల తుడిచే నీళ్ళలో ఫినాయిల్ వద్దు. పిల్లి ఆ నేల మీద నడిచి పాదాలు నాకుతుంది, అది దానికి విషం. బీరువాలో కలరా ఉండలూ అంతే. డోలో మాత్ర కింద పడితే వెంటనే ఏరేయండి. జ్వరంగా ఉందని అర మాత్ర ఇచ్చి పిల్లిని పోగొట్టుకున్నవాళ్ళు నా దగ్గరికి వచ్చారు. పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకం.

ఏడో అంతస్తు అన్నారు కాబట్టి బాల్కనీ సంగతి తేలాకే పిల్లి. పావురాల నెట్ సరిపోదు, నైలాన్ దారాన్ని పళ్ళతో కొరికేస్తాయి. ఇన్‌విజిబుల్ గ్రిల్ తీగల మధ్య సందులోంచి కూన దూరిపోతుంది. గట్టి నెట్, లేదా కిటికీలకి స్టీలు జాలీ వేయించండి. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా ఏం కాదని ఒక నమ్మకం ఉంది. దానికి ఆధారంగా న్యూయార్క్‌లో 1987లో వచ్చిన ఒక పరిశీలన చెబుతుంటారు: భవనాల మీంచి పడ్డ 132 పిల్లుల్లో 90 శాతం బతికాయని. కానీ అవి ఆస్పత్రికి తెచ్చిన పిల్లులు. పడ్డచోటే పోయినవి ఆ లెక్కలో లేవు. బతికినవాటికీ దవడ చీలడం, ఊపిరితిత్తులు దెబ్బతినడం మామూలు.

ఇంత చెప్పినా పాప కూనే కావాలంటే, ఒకే ఈతలోని రెండింటిని తీసుకోండి. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉన్న కూన సాయంత్రం మీ కాళ్ళ మీద, పాప చేతుల మీద వేటాడటం నేర్చుకుంటుంది. రెండుంటే ఎంత కొరికితే నొప్పి పుడుతుందో ఒకదానికొకటి నేర్పుకుంటాయి. ఎనిమిది వారాల లోపు కూనని ఎవరిచ్చినా తీసుకోవద్దు. ఇంకా ఆగితే ఇంకా మంచిది. ఐదారు నెలలకల్లా ఆపరేషన్ చేయించేయండి, ఆడదైతే ఎదకి రాకముందే.

మీ ఆవిడకి ఆ పొడుగు బొచ్చే కావాలనుకుంటే కూడా కొనక్కర్లేదు. పెళ్ళి కుదిరిందనో, ఇల్లు మారుతున్నామనో, బొచ్చు రాలుతోందనో రెండు మూడేళ్ళ పర్షియన్లని వదిలించుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఫోస్టర్లకి ముందే చెప్పి పెట్టండి. అలాంటిది దొరికితే తీసుకునే ముందు అల్ట్రాసౌండ్, పళ్ళ పరీక్ష చేయించండి. పీకేడీ లేదని తేలిన, కోపం లేని పెద్ద పర్షియన్ మీ ఇద్దరి కోరికా తీరుస్తుంది.

తెచ్చాక మొదటి వారం ఒకే గదిలో ఉంచండి, గదిలో ట్రే, నీళ్ళు, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె. ఫోస్టర్ వాడిన లిట్టర్ (ట్రేలో పోసే ఇసుకలాంటిది), ఫుడ్ కొంచెం అడిగి తెచ్చుకుని అవే పెట్టండి, మార్చాలంటే తర్వాత మెల్లగా మార్చొచ్చు. మంచం కింద దూరితే లాగొద్దు, రాత్రి మీరంతా పడుకున్నాక అదే బయటికి వచ్చి తిరుగుతుంది. పగలు తినకపోయినా రాత్రి గిన్నె తగ్గిందో లేదో చూసుకోండి. ఒక రోజు మొత్తం ఏమీ తినకపోతే ఫోస్టర్‌కి ఫోన్ చేయండి, రెండో రోజు కూడా ముట్టకపోతే ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. పస్తులుంటే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుపోతుంది, బొద్దుగా ఉన్నవాటికి మరీ తొందరగా. గండు పిల్లి అయితే ట్రేలో మూత్రానికి లిట్టర్ తడిసి ఉండ కట్టిందో లేదో రోజూ చూడండి. మూత్రం రాకుండా ముక్కుతూ కూర్చుంటోందంటే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రికి తెరిచి ఉండే క్లినిక్ నంబరు ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి.